వినుకొండ వినిపించిన గొంతు: గుర్రం జాషువా కవితా జీవితం, ఏడాది వెంట ఏడాది

గుర్రం జాషువా పద్యం చాలామంది తెలుగువాళ్లకు పుస్తకంలో కనపడటానికి ముందే చెవిన పడింది. తెల్లవారుజామున కాటిసీనులో హరిశ్చంద్ర వేషధారి ఎత్తుకున్న రాగంలోనో, ఘంటసాల పాడిన పాపాయి పద్యాల్లోనో, బడిలో తెలుగు మాస్టారు కళ్లు మూసుకుని చదివిన ఖండికలోనో దాన్ని మొదట విన్నారు. 1895లో పుట్టి 1971లో కన్నుమూసిన ఈ కవి జీవితమంతా గొంతుతో ముడిపడినదే. చిన్నప్పుడు పాటలు పాడారు. యౌవనంలో మూకీ సినిమాకు మాట అరువిచ్చారు. నడివయసులో సభల్లో పద్యం వినిపించారు. అరవై దాటాక రేడియోలో పనిచేశారు. కులం ఆయన్ని ఆపేసిన గడపలను ఆయన పద్యం దాటుకుని వెళ్లింది. ఆ ప్రయాణాన్ని సంవత్సరాల వరసలో చూస్తే ఒక కవి ఎదుగుదలతో పాటు తెలుగు పద్యం ఇరవయ్యో శతాబ్దంలో ఎలా బతికిందో కూడా తెలుస్తుంది.

వినుకొండ నేల

వినుకొండ పేరులోనే వినడం ఉంది. సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాముడు ఇక్కడే విన్నాడనీ, అందుకే ఇది విన్న కొండ అయిందనీ స్థలపురాణం. కొండ మీద రామలింగేశ్వరుడి గుడి, కింద ఊరు, చుట్టూ మెట్ట పొలాలు. జొన్న, పత్తి, మిరప ఇక్కడి రైతు నమ్ముకున్న పంటలు. వాన పడితే పంట, లేకుంటే వలస. బెజవాడ నుంచి గుంతకల్లు వెళ్లే మీటర్ గేజ్ రైలు దారి ఈ ఊరి మీదుగానే సాగింది.

ఈ నేలకు పాడి వినిపించే అలవాటు పాతది. వినుకొండ వల్లభరాయని పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథను వాద్యాల నడుమ పాడే దృశ్యం ఉంది. పల్నాటి కథను వీరవిద్యావంతులనే గాయకులు తరతరాలుగా గొంతులోనే దాచుకున్నారు. ఆ తర్వాత ఇదే మైదానంలో తోలుబొమ్మలాట, వీధినాటకం, బుర్రకథ, పద్యనాటకం నిలిచాయి. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుకుని వెళ్లే ఊళ్లకు పాట, పద్యం పండగలో భాగం.

పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ మరో మార్పు వచ్చింది. 1876–78 కరువు రోజుల్లో ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేశారు. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1880లలో వినుకొండలోనూ మిషన్ కేంద్రం వెలిసింది. అంతవరకు అక్షరం ముఖం చూడని పల్లెలకు మిషన్ బడి పలకా బలపం తెచ్చింది. జాషువా ఆ బడుల తరం పిల్లవాడు.

1895–1910: పాట, బొమ్మ, మేఘసందేశం

1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జాషువా పుట్టారు. తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. కులాంతర వివాహం చేసుకున్న ఆ ఇంటిని రెండు వైపుల వాళ్లూ తమలో కలుపుకోలేదు. కాబట్టి అంటరానితనం ఈ పిల్లవాడికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాలేదు. బడిలోనూ వీధిలోనూ రోజూ ఎదురయ్యేది.

చిన్నతనంలో ఆయనకు రెండు సరదాలు: బొమ్మలు గీయడం, పాటలు పాడడం. తర్వాత కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఈ రోజుల్లోనే స్నేహితుడు. ఆ స్నేహం పద్యం మీద ఆశ పుట్టించింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర జాషువా కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఒక మాదిగ తల్లి బిడ్డకు ఒక బ్రాహ్మణ పండితుడు సంస్కృత కావ్యం చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ పాఠాల్లోని మేఘసందేశం మూడు దశాబ్దాలు లోపల నానింది. తర్వాత గబ్బిలంగా బయటికి వచ్చింది.

వినుకొండలోనే జరిగిన ఒక అవధాన సభ ఆయన మనసు మీద మచ్చ వేసింది. ఆ సభలో ఆయన తాను రాసిన పద్యాలు చదివారు. తక్కువ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవచేసి అవమానించారు. అక్కడ తిరస్కారానికి గురైంది ఆయన పుట్టుక. పద్యంలో తప్పు పట్టేందుకు వాళ్లకు ఏమీ దొరకలేదు. గొంతును వినాలా వద్దా అన్నది మనిషి కులం చూసి తేల్చే సమాజంలో తాను కవినవుతున్నానని ఆయనకు ఆరోజే తెలిసింది.

1910–1916: బడి జీతం, తెర పక్క గొంతు

1910లో మేరీతో పెళ్లయింది. ఇల్లు గడవడానికి మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద పంతులుగా చేరారు. ఆ ఉద్యోగం నిలవలేదు. పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లి 1915–16లో సినిమా వాచకుడిగా చేశారు.

ఆనాటి సినిమాకు మాట లేదు. తెర మీద బొమ్మ కదులుతూ ఉంటే పక్కన నిలబడిన మనిషి కథను, పాత్రల సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించాలి. గదిలో కూర్చున్నవాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్లు బొమ్మను కంటితో చూసి కథను చెవితో పట్టుకోవాలి. వాచకుడి గొంతు వెనక బెంచీ దాకా వినపడాలి, ఏడుపుకూ కోపానికీ తేడా తెలియాలి, బొమ్మ మారేలోపు మాట ముగియాలి. మైకు లేని చోట గొంతే మైకు. జాషువా తర్వాత రాసిన పద్యాల్లో అన్వయం తేలిగ్గా విడిపోతుంది. ఊపిరి తీసుకునే చోట పదం విరుగుతుంది. వినేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడన్న ఎరుక ఆ పద్యాల్లో కనిపిస్తుంది. ఆ ఎరుకకు రాజమండ్రి సినిమా హాలు మంచి బడి. 1930లలో టాకీ స్థిరపడ్డాక తెలుగు హాళ్లలో ఈ వాచకుల పని పూర్తిగా మూతపడింది.

అదే రాజమండ్రిలో కొన్నేళ్లకు, 1921లో, కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనం పాట కట్టారు. దళితుడి బాధను దళితుడే తెలుగు పాటలో పెట్టే కాలం మొదలైంది.

1919–1927: పురాణం నుంచి పిట్టగూటి దాకా

రాజమండ్రి నుంచి వచ్చాక జాషువా గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో చేరి దాదాపు పదేళ్లు పనిచేశారు. ఆయన పుస్తకాలు వరసగా రావడం ఇక్కడే మొదలైంది. 1919లో రుక్మిణీ కల్యాణం, 1922లో చిదానంద ప్రభాతం, కుశలవోపాఖ్యానం. కొత్త కవి పురాణ వస్తువు తీసుకుని ఛందస్సు మీద పట్టు చూపించడం ఆనాటి రివాజు. జాషువా కూడా అదే దారిన వెళ్లారు.

కానీ ఆ దారిలో ఆయనకు రెండు వైపులా ముళ్లే దొరికాయి. మాదిగవాడికి ప్రబంధ కవిత్వం దేనికని పండిత సభలు చూశాయి. క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాస్తాడేమని చర్చి పెద్దలు ఆయన్ని తమ సమాజం నుంచి వెలివేశారు. గుడి రానివ్వలేదు, చర్చి ఉండనివ్వలేదు. రెండింటి బయట నిలబడ్డ కవి మనిషినే వస్తువుగా ఎంచుకున్నాడు. నాస్తికత్వం వైపు ఆయన జరగడం వెనకా ఈ అనుభవం ఉంది.

1920ల నడుమ ఖండికలు మొదలయ్యాయి. 1924లో కోకిల వచ్చింది. 1926లో శివాజీ ప్రబంధం రాశారు. 1927లో వచ్చిన గిజిగాడు ఆయన చూపు ఎటు తిరిగిందో చెబుతుంది. వినుకొండ పొలాల గట్ల మీద తుమ్మకొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లు ఎవరైనా చూసినవే. ఆ గూటిలో జాషువా పనివాడితనాన్ని చూశారు. చిన్న ముక్కుతో, పోచ మీద పోచ అల్లి, గాలివానకు చెదరని ఇల్లు కట్టే పిట్టకు కవి చేతులెత్తి మొక్కాడు. ఆ తర్వాతి సాలీడు ఖండికలోనూ అదే గౌరవం ఉంది. మగ్గం లేకుండా నేసే నేతగాడిగా ఆ పురుగు కనిపిస్తుంది. చేతిపని చేసేవాళ్లను కిందికి నెట్టిన సమాజంలో పుట్టిన కవి చేతిపనిని ఆకాశానికి ఎత్తాడు.

1928–1931: గుంటూరు బడి, ఖండకావ్యాలు

1928లో జాషువా గుంటూరు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరారు. ఆ ఉద్యోగం 1942 దాకా సాగింది. జీవితంలో కాస్త నిలకడ దొరికిన కాలం ఇదే. బుద్ధుడు, శిల్పి, మాతృప్రేమ, శిశువు వంటి ఖండికలు ఈ ఏళ్లలో రూపుదిద్దుకున్నాయి. వీటిని తర్వాత ఖండకావ్యం పేరుతో సంపుటాలుగా వెలువరించారు. అవి ఏడు సంపుటాలయ్యాయి.

శిశువును జనం పాపాయి పద్యాలు అని పిలుచుకున్నారు. పుట్టిన బిడ్డ ఈ లోకానికి కొత్తగా వచ్చిన బాటసారి. భాష తెలియదు, ఆస్తి లేదు, కులం అంటలేదు. తల్లి ఒడి ఒక్కటే తెలిసిన ఆ పసికందు చుట్టూ జాషువా అల్లిన సీసాలు తెలుగు ఇళ్లలో జోలపాటల పక్కన చోటు సంపాదించాయి.

సీసం ఎందుకు పాటకు దగ్గరగా ఉంటుందో దాని కట్టడంలోనే ఉంది. ఒక్కో సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉంటాయి. పాదం సగంలో విరుగుతుంది. రెండు సగాలకూ వేర్వేరుగా యతి ఉంటుంది. అంటే నాలుగు పాదాల సీసం వినేవాడికి ఎనిమిది చిన్న పంక్తులుగా అందుతుంది. దాని వెనక ఆటవెలదో తేటగీతో తప్పనిసరి. సీసంలో ఎత్తుకున్న ఊహ గీతంలో దిగి ముగుస్తుంది. గాయకుడికి ఇది వరం. ప్రతి సగం చివరా రాగం తీయడానికి చోటు, గీతంలో స్వరం దించి ముగించడానికి వీలు. శ్రీనాథుడి నుంచి వచ్చిన ఈ సౌకర్యాన్ని జాషువా తన కాలపు మాటలతో నింపారు. సంస్కృత సమాసాన్ని పొదుపుగా వాడి, తెలుగు క్రియను ముందుకు తెచ్చారు. అందుకే హార్మోనియం పట్టుకున్న ఏ నటుడైనా ఆయన సీసాన్ని ఒకసారి విని పాడుకోగలిగాడు.

కాటిసీను: వేదికెక్కిన పద్యాలు

జాషువా గొంతు అక్షరం రానివాళ్ల దాకా వెళ్లింది శ్మశానవాటిక పద్యాలతో. అవి నాటకం కోసం రాసినవి కావు. చావు ముందు రాజూ పేదా ఒకటే అన్న సంగతిని శ్మశానంలో నిలబడి చూస్తూ చెప్పిన ఖండిక అది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్య హరిశ్చంద్రీయం నాటకంలోని కాటి ఘట్టానికి ఆ పద్యాలు అతికినట్టు సరిపోయాయి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. బండారు రామారావు, డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్ర వేషధారులు వాటిని ఊరూరా పాడారు. చాలా ఊళ్లలో జనానికి అవి బలిజేపల్లివి కావని కూడా తెలియదు. కాటిసీనూ జాషువా పద్యాలూ అంతగా కలిసిపోయాయి.

ఈ కలయికలో లోతైన అర్థం ఒకటి ఉంది. కాటి ఘట్టంలో హరిశ్చంద్రుడు రాజు కాదు. కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయి శ్మశానానికి కాపలా కాస్తున్న బానిస. చక్రవర్తి ఊరి బయటి మనిషిగా మారిన ఆ క్షణంలో అతడికి కావలసిన మాటలు ఊరి బయటికి నెట్టబడిన కులంలో పుట్టిన కవి దగ్గర దొరికాయి. శ్మశానంలో హెచ్చుతగ్గులు లేవన్న మాట జాషువాకు వేదాంతం కోసం చెప్పిన మాట కాదు. బతికున్న ఊళ్లో ఆయనకు దొరకని సమానత్వం అది. ఊళ్లో ఆయన్ని దూరంగా ఉంచినవాళ్లే ఆ పద్యం దగ్గర వన్స్ మోర్ అని కేకలు వేశారు.

1932: ఫిరదౌసి

1932లో వచ్చిన ఫిరదౌసి జాషువాను కావ్యకర్తగా నిలబెట్టింది. వస్తువు పారశీకానిది. షానామా రాసిన ఫిరదౌసికి పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చి, కావ్యం ముగిశాక వెండి నాణేలు పంపాడన్న ప్రసిద్ధ గాథ దీనికి ఆధారం. రాజు తప్పు తెలుసుకుని బంగారం పంపేసరికి కవి శవం ఊరు దాటుతోంది. జీవితమంతా ధారపోసి రాసినవాడికి దక్కిన అవమానం, వాడి కడుపుకోత, వాడి శాపం ఈ కావ్యంలో ఉన్నాయి.

తెలుగులో చరిత్రకావ్యాలు అంతకు ముందూ వచ్చాయి. కానీ దూరదేశపు ముస్లిం కవి కథను ఎత్తుకుని, అందులో కవికీ రాజుకూ మధ్య ఉన్న లెక్క తేల్చిన కావ్యం ఇది. జాషువా దర్బారుల చుట్టూ, సభల చుట్టూ తిరిగినవారు. మెచ్చుకున్న నోరే కులం తెలియగానే మూసుకోవడం చూసినవారు. అందుకే ఫిరదౌసి బాధలో ఆయన సొంత గొంతు ఉంది. రాజు చనిపోవడానికీ కవి చనిపోవడానికీ తేడా చెప్పే ఆయన పద్యం సామెతలా నిలిచిపోయింది. తెలుగు కవుల సంస్మరణ సభల్లో అది ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

అదే ఏడాది సెప్టెంబరులో దళితుల ఎన్నికల ప్రాతినిధ్యం గురించి పూనా ఒప్పందం కుదిరింది. 1933 చివరా 1934 మొదట్లోనూ గాంధీ హరిజన యాత్ర ఆంధ్ర జిల్లాల్లో సాగింది. అంటరానితనం దేశమంతా మాట్లాడుకునే విషయమైంది. జాషువా ఆ మాటలన్నీ విన్నారు. తన మాట చెప్పడానికి ఇంకొన్నేళ్లు తీసుకున్నారు. ఆయన కూతురు హేమలత పుట్టింది కూడా 1932లోనే.

1941: గబ్బిలం

1941లో గబ్బిలం మొదటి భాగం వచ్చింది. చిన్నప్పుడు చదువుకున్న మేఘసందేశం నమూనా మళ్లీ బయటికి తీశారు. కాళిదాసు కావ్యంలో యక్షుడు భార్య కోసం విరహపడుతూ మేఘాన్ని దూతగా పంపుతాడు. జాషువా కావ్యంలో నాయకుడు పేద దళితుడు. అతన్ని పీడించేది విరహం కాదు, ఆకలి, అవమానం. రాత్రి గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన కథ చెప్పుకుంటాడు. కాశీ వెళ్లి విశ్వనాథుడి చెవిన వేయమంటాడు.

ఈ దూతను ఎంచుకోవడంలోనే కవి శక్తి అంతా ఉంది. గబ్బిలం అపశకునమని జనం అసహ్యించుకునే జీవి. చీకట్లో బతుకుతుంది, తలకిందులుగా వేలాడుతుంది. అయినా ఏ పూజారీ దాన్ని గుడి నుంచి గెంటేయలేడు. గర్భగుడి కప్పుకు వేలాడి, దేవుడి చెవికి దగ్గరగా మాట్లాడగలదు. గుడి గడప దాటలేని మనిషి కంటే గుడిలో వేలాడే గబ్బిలానికి ఎక్కువ హక్కు ఉంది. ఈ ఒక్క పోలికతో జాషువా ఆలయ ప్రవేశం గురించిన చర్చనంతా ఒక బొమ్మలో పెట్టేశారు. కోపం ఉన్నా కేకలు లేవు. గబ్బిలంతో మాట్లాడే నాయకుడి గొంతు మెత్తగా, మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాదే చదివేవాడిని కలవరపెడుతుంది.

గబ్బిలం వెళ్లే దారి తెలుగు నేల చరిత్ర మీదుగా సాగుతుంది. వెలివేయబడ్డవాడు ఆ దారిలోని కోటలను, కవులను, నదులను ప్రేమతో తలచుకుంటాడు. తనది కాదన్న దేశాన్ని తనదిగా చేసుకుంటాడు. గబ్బిలానికి రెండో భాగం కూడా రాశారు. సందేశకావ్యాన్ని ప్రేమికుడి చేతిలోంచి తీసి పీడితుడి చేతికిచ్చిన ఈ పని భారతీయ సాహిత్యంలోనే అరుదైనది.

1942–1950: యుద్ధం, స్వాతంత్ర్యం, గండపెండేరం

1942లో బడి ఉద్యోగం ముగిసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వ ప్రచారకుడిగా కొంతకాలం ఊళ్లు తిరిగారు. ఈ ఉద్యోగంలోనూ గొంతే పెట్టుబడి. యుద్ధం తరిమితే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన శరణార్థిని కాందిశీకుడు కావ్యంలో నిలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక నేతాజీ, 1948లో గాంధీ మరణం తర్వాత బాపూజీ రాశారు.

ఈ దశాబ్దంలో తెలుగు కవిత్వం దారి మారింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. 1950లో శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది. ఛందస్సు సంకెల అని, గేయమూ వచన కవితా రేపటివని కొత్తతరం ప్రకటించింది. జాషువా పద్యం వదల్లేదు. తనను రానివ్వని పండితుల ఆస్తి అనిపించుకున్న ఆ రూపాన్ని తనదిగా చేసుకుని, దానిలోనే కొత్త సంగతి చెప్పడం ఆయన ఎంచుకున్న పోరాటం. పల్లెలో నాటకం చూసేవాడికి పద్యం పాతబడలేదని ఆయనకు తెలుసు.

పండిత లోకం చివరికి తలవంచింది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి నిండు సభలో జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. వయసు మళ్లిన అవధాన చక్రవర్తి, బ్రాహ్మణ పండితుడు, మాదిగ తల్లి కన్న కవి పాదాన్ని చేతుల్లోకి తీసుకోవడం అది. వినుకొండ అవధాన సభలో లోపలికి ఎందుకు రానిచ్చారన్న ప్రశ్నకు అవధాన విద్య వైపు నుంచే వచ్చిన జవాబు అది.

1957–1959: మద్రాసు రేడియో

1938లో మొదలైన మద్రాసు రేడియో కేంద్రం చాలాకాలం తెలుగువాళ్లకూ గొంతునిచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాక కూడా మద్రాసు నుంచి తెలుగు కార్యక్రమాలు సాగాయి. 1950ల నడుమ ఆకాశవాణి పేరున్న రచయితలను, సంగీతజ్ఞులను ప్రొడ్యూసర్లుగా పిలిచింది. ఆ వరసలో జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసులో పనిచేశారు.

మూకీ తెర పక్కన నిలబడి గొంతు చించుకున్న కుర్రవాడు నలభై ఏళ్ల తర్వాత మైకు ఉన్న గదికి చేరాడు. రేడియోకు కూడా సినిమా వాచకుడి సూత్రమే వర్తిస్తుంది: వినేవాడికి ముఖం కనపడదు, మాట ఒక్కటే చేరుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. రేడియో వినేవాడికి చదివేవాడి కులం తెలియదు. ఏ అగ్రహారంలోనైనా, ఏ పల్లెలోనైనా పద్యం నేరుగా ఇంట్లోకి వస్తుంది. జాషువా పద్యానికి మొదటి నుంచీ కావలసిన వేదిక ఇదే.

1958–1966: క్రీస్తు చరిత్ర నుంచి నా కథ వరకు

రేడియోలో ఉండగానే 1958లో క్రీస్తు చరిత్ర వెలువడింది. ఒకప్పుడు చర్చి వెలివేసిన కవి ఏసు జీవితాన్ని తెలుగు పద్యకావ్యంగా తీర్చిదిద్దారు. పేదల పక్కన నిలబడి, పెద్దల కోపానికి బలైన మనిషిగా ఏసు ఈ కావ్యంలో కనిపిస్తాడు. ఈ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు.

1963లో ముసాఫరులు వచ్చింది. 1966లో వచ్చిన రెండు పుస్తకాలు ఆయన్ని మళ్లీ సొంత నేలకు తెచ్చాయి. ఒకటి నాగార్జునసాగరం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట కుడి కాలువ పల్నాడు, వినుకొండ మెట్టలకు కృష్ణ నీళ్లు తెచ్చేందుకు తవ్వినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. వానకోసం ఆకాశం చూసిన ఊళ్లో పుట్టిన కవి ఆ ఆనకట్టను కావ్యం చేయడం సహజం. రెండోది నా కథ. తన పుట్టుక, చదువు, ఆకలి, అవమానం, పద్యమే తోడుగా నడిచిన దారి, అన్నీ ఆయన పద్యాల్లోనే చెప్పుకున్నారు.

1970–1971: చివరి ఏళ్లు

1970లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1971 జూలై 24న గుంటూరులో జాషువా కన్నుమూశారు. మొదటి పుస్తకం నుంచి లెక్కిస్తే దాదాపు యాభై ఏళ్ల రచన. ముప్పైకి పైగా పుస్తకాలు.

1971 తర్వాత: ప్లేటు, పాట, ఉద్యమం

కవి పోయాక పద్యం ప్రయాణం ఆగలేదు. ఘంటసాల గొంతులో పాపాయి పద్యాలు రికార్డుగా, తర్వాత క్యాసెట్‌గా ఇంటింటికీ వెళ్లాయి. ఇదే గుంటూరు జిల్లాకు చెందిన కరుణశ్రీ పుష్పవిలాపాన్నీ ఘంటసాల పాడారు. పద్యాన్ని సినిమా పాటంత ఇష్టంగా జనం వినేలా చేసిన రికార్డులివి. కాటిసీను పద్యాలు నాటక క్యాసెట్లుగా టీ కొట్లలో, తిరునాళ్లలో మోగాయి.

కూతురు హేమలత తండ్రి మాటను పనిలో పెట్టారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని 1960లో పెళ్లి చేసుకుని, స్టూవర్టుపురంలో నేరస్థ జాతులని ముద్ర వేసిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినీ ఆచారానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పనిచేశారు. 2008లో ఆమె మరణించారు.

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద దాడులు జరిగాయి. రెండూ జాషువా తిరిగిన మైదానంలోని ఊళ్లే. ఆ దాడుల తర్వాత లేచిన దళిత ఉద్యమం, 1995లో చిక్కనవుతున్న పాట సంకలనంతో తన రూపం చూపిన దళిత కవిత్వం జాషువాను కొత్తగా చదివాయి. పాఠ్యపుస్తకంలో మధురకవిగా మిగిలిపోయిన ఆయన మళ్లీ గబ్బిలం కవిగా ముందుకు వచ్చారు. కొత్త కవులు ఛందస్సు వదిలేశారు, మెత్తదనమూ వదిలేశారు. కానీ తమ బాధకు తెలుగు కావ్యంలో మొదటి నిలువెత్తు రూపం గబ్బిలంలో ఉందని ఒప్పుకున్నారు. 2022లో చిన్నయ్య జంగం ఆంగ్లానువాదంతో గబ్బిలం తెలుగు దాటి మరో ప్రపంచానికి చేరింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వినుకొండ గుంటూరు జిల్లా నుంచి కొత్త పల్నాడు జిల్లాలోకి మారింది.

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల వరసలో ఆయన విగ్రహం ఉంది. అయితే ఆయన పద్యం ఎక్కువగా బతికున్నది ఊళ్ల నాటక పందిళ్లలోనే. పత్తి, మిరప అమ్ముకుని వచ్చిన రైతులూ, ఆ చేలలో కూలికి వెళ్లినవాళ్లూ ఒకే పందిరి కింద కూర్చుని తెల్లవారుజాము దాకా కాటిసీను కోసం ఎదురు చూస్తారు. హార్మోనియం శ్రుతి పట్టగానే జాషువా సీసం మొదలవుతుంది. ఆ పద్యం సాగినంతసేపు పందిరి కింద అందరూ కలిసే వింటారు.